రెండూ కాపీలే అన్న మధ్యాహ్నం

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్ళంతా ముందు ఈ మాటే రాస్తారని నాకు తెలుసు. ఏం చేయను, నిజంగానే లేదు.

దానికి కారణం ఒక మేక. డెబ్బైల్లో, నా చిన్నప్పుడు, మేము మట్టెవాడలో ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. వెనక తాళం వేసిన గది ఒకటి ఉండేది. చీకటి పడ్డాక అందులోంచి గజ్జెల చప్పుడు వచ్చేది. వాడకట్టు మొత్తం హడలిపోయింది. మా అమ్మ నిమ్మకాయలు కట్టింది. తీరా చూస్తే అది ఇంటి ఓనరు దసరా కోసం కొని, బంధువులకు తెలియకుండా దాచిపెట్టిన మేక. పండగ తర్వాత చప్పుడు ఆగిపోయింది. ఓనరు మాకూ ఒక గిన్నె కూర పంపాడు. దెయ్యాన్ని తిన్న కుటుంబం మా వాడలో మాదొక్కటే.

కాబట్టి నేను చెప్పబోయేదాంట్లో గజ్జెలు లేవు. తెల్లచీర లేదు. రాత్రి కూడా కాదు. ఎండాకాలం, పట్టపగలు, మిల్లు క్యాంటీన్లో పులిహోర అయిపోయే వేళ. రెండు కంప్యూటర్లు ఉన్నాయి. కంప్యూటర్లకు దెయ్యం పడుతుందా అని నవ్వేవాళ్ళు నవ్వండి. ఐదారు నెలల కిందటి దాకా నేనూ నవ్వేవాణ్ణే.

నేను పనిచేసేది ఒక పత్తి మిల్లులో. వరంగల్ మిల్లు అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ పెద్ద మిల్లు కాదు. ఊరి చివర, పేరు చెప్పినా మీరు విని ఉండని మిల్లు. పేరు చెప్పను కూడా. ఉద్యోగం ఇంకా ఉంది.

అంత చిన్న మిల్లుకు కంప్యూటర్లు ఎందుకని అడగొచ్చు. మా యజమాని అల్లుడు హైదరాబాదులో కంప్యూటర్లు అమ్ముతాడు. ఆయనకు రెండు అమ్ముడుపోలేదు. అంతే సంగతి.

ఆ ఉద్యోగం నాకు ఇప్పించింది మా బావ సమ్మయ్య. మా అక్క భర్త. అదే మిల్లులో పత్తి గోదాం హమాలీ. నేను బీకాం అయిపోయి, టైపు నేర్చుకుని, పోచమ్మ మైదాన్ హోటళ్ళలో చాయ్‌ల మీద చాయ్‌లు తాగుతూ తిరుగుతున్న రోజుల్లో, నన్ను రెక్క పట్టుకుని మేనేజరు సారు ముందు నిలబెట్టాడు.

"మా బామ్మర్ది సార్. మిషను మస్తు కొడుతడు. మాటలైతే ఇంకా మస్తు కొడుతడు" అన్నాడు.

సిఫారసు అంతే. సారు నవ్వాడు. నాకు ఉద్యోగం వచ్చింది. బావ ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏదో ఒక జోకు వేసి బాకీ తీర్చుకునేవాణ్ణి.

ఆ కంప్యూటర్ల పని ఏమిటో చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మిల్లులో ఎవరు లోపలున్నారు, ఎవరు బయట ఉన్నారు అన్నది గుర్తుపెట్టుకోవడమే వాటి పని. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు గేటు దగ్గర క్లర్కుకు చూపించాలి. క్లర్కు తన ముందున్న మీటల మీద ఆ నంబరు కొడతాడు. ఆ మనిషి పేరు పక్కన 'లోపల' అనో 'బయట' అనో పడుతుంది. అంతకుముందు ఈ పనంతా మేకులు కొట్టిన ఒక చెక్క చేసేది. బిళ్ళ మేకుకు ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. ఆ చెక్కకు కరెంటు అక్కర్లేదు, ఇంజనీరు అక్కర్లేదు. అందుకే తీసేశారు.

రెండు మిషన్లలో ఒకటి టైం ఆఫీసులో ఉంటుంది. రెండోది ఆవరణ అవతలి కొసన, డిస్పెన్సరీ పక్క చిన్న గదిలో. ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలని అంత దూరం పెట్టారు. రెండింటి మధ్యా స్తంభాల మీద తీగ. గేటులో కొట్టింది ముందు టైం ఆఫీసు మిషనులో పడుతుంది. దాన్ని మెయిన్ అంటారు. అక్కడి నుంచి కాసేపట్లో తీగ మీదుగా రెండోదానికి చేరుతుంది. అది కాపీ. కాపీలో ఎవరూ ఏదీ రాయలేరు. కొట్టి చూస్తే కుయ్యిమని అరిచి వద్దంటుంది. మెయిన్‌లో ఉన్నది చూసి తనలో దించుకోవడం తప్ప దానికి వేరే జీవితం లేదు. డిగ్రీ పరీక్షల్లో నా పాత్ర కూడా అదే కాబట్టి ఈ ఏర్పాటు నాకు వెంటనే అర్థమైంది.

ఒక చిక్కుంది. మెయిన్ దొరక్కపోతే కాపీ ఊరుకోదు, తనే మెయిన్ అయిపోతుంది. ఆ తర్వాత లేచిన మిషను, అప్పటికే ఆ కుర్చీలో ఎవరో ఉన్నారని చూసి తను కాపీ అయిపోతుంది. అందుకని ఏ మిషను ఇప్పుడు ఏ హోదాలో ఉందో అడగడానికి ఒక మాట పెట్టారు. 'రోల్' అని కొడితే మెయిన్ అనో కాపీ అనో జవాబు వస్తుంది. మూడో జవాబు లేదు. రోజూ పొద్దున్నే రెండింటినీ నువ్వెవరు, నువ్వెవరు అని అడగడం నా డ్యూటీ. జీతం తీసుకుని ఈ ప్రశ్న వేసేవాణ్ణి వరంగల్‌లో నేనొక్కణ్ణే అని బావ అందరికీ చెప్పుకునేవాడు.

నా పైన యాకూబ్ భాయ్ ఉన్నాడు. అసలు ఆయన మిల్లు ఎలక్ట్రీషియన్. కంప్యూటర్లు కూడా కరెంటుతోనే నడుస్తాయి గనుక వాటినీ ఆయనకే అప్పజెప్పారు. నెమ్మదస్తుడు. ఫ్యూజు పోయినా, మనిషి పోయినా ఒకే గొంతుతో చెబుతాడు.

మిషన్లు వచ్చింది మేడారం జాతర రోజుల్లో. రోడ్లన్నీ బండ్లు, బస్సులు. రెండు పెట్టెలూ హైదరాబాదులో ఒకేసారి బయలుదేరినా, కాపీ మిషను పెట్టె ఒకరోజు ముందు దిగింది. మెయిన్ మర్నాడు దిగింది. జాతరలో సారలమ్మ ముందు గద్దెకు వస్తుంది, తల్లి సమ్మక్క మర్నాడు వస్తుంది. ఇక చెప్పేదేముంది. పెట్టెలు దించిన హమాలీలు అక్కడికక్కడే పేర్లు పెట్టేశారు. కాపీ బిడ్డ. మెయిన్ తల్లి. స్పిన్నింగ్ ఆడవాళ్ళు బిడ్డ మీద బెల్లం పెట్టి దండం పెట్టి పోయారు. జాతరలో బెల్లాన్నే బంగారం అంటారు. హైదరాబాదు ఇంజనీరు మా దగ్గర చేసిన మొదటి రిపేరు చీమలది.

పేర్లతో ఆగితే బాగుండేది. కరెంటు పోయి వచ్చినప్పుడు తల్లిని ముందు లేపాలి, బిడ్డను తర్వాత లేపాలి అని ఇంజనీరు కాగితం మీద రాసి గోడకు అంటించి వెళ్ళాడు. యాకూబ్ భాయ్ ఆ కాగితాన్ని గౌరవంగా చూసేవాడు. చూసి, ముందు బిడ్డనే లేపేవాడు.

"బిడ్డ ముందు రావాలె. తల్లి ఎనక రావాలె. రివాజు రివాజే."

"ఇంజనీరు ఉల్టా రాసిండు కద భాయ్."

"ఇంజనీరు ఎప్పుడన్న జాతరకు పోయిండా?"

నేను పోయి తల్లి స్విచ్చు దగ్గర నిలబడేవాణ్ణి. దాంతో ఏమయ్యేదంటే, బిడ్డ ముందు లేచి, తీగ మీద తల్లి కోసం చూసి, కనబడక తనే మెయిన్ అయ్యేది. తర్వాత లేచిన తల్లి నోరు మూసుకుని కాపీ అయ్యేది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నేను రెండు చోట్లా రోల్ అడిగి, తల్లి పదవి తల్లికి, బిడ్డ పదవి బిడ్డకు తిరిగి ఇప్పించేవాణ్ణి. మా ఊళ్ళో కరెంటు సంగతి మీకు తెలుసు గనుక, నాకు పనికి లోటుండేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాల వేళకు కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. నేను టైం ఆఫీసులో ఉన్నాను. యాకూబ్ భాయ్ అవతలి గదిలోంచి లోపలి ఫోనులో పిలిచాడు.

"బిడ్డ లేచింది. తల్లిని లేపు."

తల్లి స్విచ్చు వేశాను. అప్పటిదాకా అది ఆగే ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, నేను చాలాసార్లు గుర్తుచేసుకున్నాను. తెర మీద వెలుగు వచ్చింది. రోల్ అడుగుదామని కుర్చీ జరుపుకుంటుంటే సైరన్ మోగింది.

పత్తి గోదాం. కరెంటు వచ్చినప్పుడు ఎక్కడో నిప్పురవ్వ పడిందని తర్వాత అన్నారు. పత్తి బేళ్ళు సినిమాల్లో లాగా భగ్గున మండవు. లోలోపల కాలతాయి, పొగ వస్తుంది. కిటికీలోంచి చూస్తే గోదాం రేకుల సందుల్లోంచి పసుపు కలిసిన తెల్లటి పొగ, ఏదో పెద్ద వంట జరుగుతున్నట్టు. నాకు ముందు వచ్చిన ఆలోచన అదే, వంట. అలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడాలనిపించింది, పడలేదు. అంత వ్యవధి లేదు.

ఫైరింజన్ వచ్చింది. వాళ్ళ పెద్దమనిషి గోదాం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మేనేజరు సారుతో మాట్లాడాడు. ఆ మాటలు కిటికీలోంచి విన్నాను.

"రేకులు ఇగనో అగనో కూలుతయి సార్. లోపల మనిషుంటే పోతం. పత్తి కోసమైతే నా పోరగాళ్ళను పంపియ్య."

సారు గోదాం మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి ముందుకొచ్చాడు. "ఎవ్వలు లేరు సార్. అందరు అన్నానికి గేటు బయటికి పోయిండ్రు. నేనే తలుపు గొళ్ళెం పెట్టిన."

"సమ్మయ్య?" అని ఎవరో అడిగారు.

"ఇంటికి పోత అన్నడు. పోయిండు."

సారు పరుగున టైం ఆఫీసులోకి వచ్చాడు. "గోదాం లిస్టు తియ్యి. లోపల ఎవరున్నరు?"

తీశాను. గోదాం హమాలీలందరి పేర్ల పక్కనా 'బయట' అని ఉంది. బావ పేరు పక్కన కూడా 'బయట'. మేస్త్రి చెప్పిందీ, తల్లి చెప్పిందీ ఒకటే. ఎవరూ లేరు సార్ అన్నాను. సారు ఊపిరి వదిలి తలుపు దాకా వెళ్ళాడు.

అప్పుడు గుర్తొచ్చింది, నేను ఇంకా రోల్ అడగలేదని. కరెంటు పోయి వచ్చింది. బిడ్డ ముందు లేచింది. నా ముందున్నది మెయిన్ కాకపోవచ్చు. కాపీ అయితే, చెప్పేది పాతది కావచ్చు.

"జర ఆగుండ్రి సార్" అన్నాను.

రోల్ అని కొట్టాను. కాపీ అంది.

దానికి ఆశ్చర్యం లేదు. రోజూ జరిగేదే. ఫోను తీసి యాకూబ్ భాయ్‌ను పిలిచాను.

"భాయ్, బిడ్డను రోల్ అడుగు. జల్ది."

"అడిగిన. కాపీ అంటాంది."

"మెయిన్ అనాలె భాయ్ అది. మల్ల చూడు."

"నాకు చదువు రాదనుకున్నవా? కాపీ. సీ నుంచి వై దాక చదవమంటవా?"

"ఈడ తల్లి కూడ కాపీ అంటాంది."

ఆయన మళ్ళీ కొట్టి చూశాడు.

"బిడ్డనొక్కదాన్నే లేపిన" అన్నాడు. "తల్లి బంద్ ఉండంగనే బిడ్డ కాపీ అన్నది. ఇది ఎవల కాపీరా అని నేను అప్పుడే అనుకున్న."

నాకు అది ఆలోచించే సమయం కాదు. "గోదాం లిస్టు కొట్టు భాయ్. లోపల ఎవలన్న ఉన్నరా?"

మీటల చప్పుడు. "ఒక్కటే ఉన్నది. నాలుగు వందల పన్నెండు. లోపల."

ఆ నంబరు నాకు తెలుసు. మా అక్క కొడుకు ఆ బిళ్ళను నేల మీద బొంగరంలా తిప్పి ఆడుకుంటాడు. ఎన్నోసార్లు మంచం కింద దూరి తీసిచ్చాను.

"టైం ఎప్పటిది పడ్డది?"

"ఇప్పటిదే. కరెంటొచ్చినంకదే."

మేనేజరు సారు నా భుజం మీద చెయ్యి వేసి అడిగాడు. "రెండిట్ల ఏది కరెక్టు? ఏది అసలు? గది చెప్పు ముందు."

చెప్పలేను. రెండూ నేను కాదంటున్నాయి. మెయిన్ లేదు. మెయిన్ లేకుండా కాపీలు ఉండవు, ఉన్నాయి. బయట ఫైరింజన్ పెద్దమనిషి చేతులు కట్టుకుని నా కిటికీ వైపే చూస్తున్నాడు. ఉన్నాడంటే ఆయన మనుషులు ఆ రేకుల కిందికి పోతారు. లేడంటే ఎవరూ పోరు.

అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. భయం వేయాలి, వేయలేదు. బావ ముఖం గుర్తుకు రావాలి, రాలేదు. తెర అంచున ఒక చీమ పాకుతుంటే చూస్తున్నాను. బుర్రలో ఒకటే నడుస్తోంది, పరీక్ష హాలు. నేను మూడేళ్ళు కాపీ కొట్టాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, పక్కవాడు రాసింది నేను అందుకోలేక వదిలేసిన రోజులున్నాయి. పక్కవాడి కాగితంలో లేనిది నా కాగితంలోకి వచ్చిన రోజు లేదు.

"సార్, కాపీకి సొంతంగ రాసుడు రాదు" అన్నాను. నా గొంతు నాకే యాకూబ్ భాయ్ గొంతులా వినిపించింది. "ఎనకబడుతది, గంతే. ఉన్నదాన్ని లేదనొచ్చు గని, లేనిదాన్ని ఉన్నదనదు. తల్లి ఎనక లేచింది, దానికింకా అందలే. బిడ్డల పడ్డది ఇప్పటి టైం, గదే కరెక్టు. మనిషున్నడు సార్ లోపల. బయట కనబడ్తలేడంటే గోదాంలనే."

సారు ఒక్క క్షణం నన్ను చూశాడు. నేను ఎప్పుడు జోకు వేస్తానో, ఎప్పుడు వేయనో ఆయనకు తెలియదు. ఆ రోజు దాకా నాకూ తెలియదు. కిటికీలోంచి కేకేశాడు. "ఉన్నడు! ఒకడున్నడు!"

గోదాం వెనక గోడ రేకు కోశారు. ముగ్గురు లోపలికి పోయారు. నేను కుర్చీలోంచి లేవలేదు. లేచి పరుగెత్తాల్సింది, అందరూ పరుగెత్తారు. నేను కూర్చుని తల్లిని మళ్ళీ మళ్ళీ రోల్ అడిగాను. కాపీ. కాపీ. కాపీ. మేస్త్రి బయట నిలబడి, "ఇంటికి పోయిండు, నాతోనే చెప్పి పోయిండు" అని గాలికి చెబుతున్నాడు.

బావను తీసుకొచ్చారు. బేళ్ళ వెనక, మూలన నిద్రపోతున్నాడట. అంతకుముందు రాత్రి కాశిబుగ్గలో చుట్టాల పెళ్ళి, తెల్లవార్లూ డప్పుల ముందు ఆడాడు. ఇంటికి పోతానని మేస్త్రితో చెప్పి, ఎండ చూసి మనసు మార్చుకుని, చల్లగా ఉంటుందని అక్కడే ఒరిగాడు. పత్తి మీద పడుకున్నవాడికి పొగ కూడా మెల్లగానే తెలుస్తుందేమో. ఒంటి మీద కాలిన మచ్చ లేదు. ఊపిరి ఉంది, గురకలాగా. ఒక కాలికే చెప్పు ఉంది. జీపులో ఎక్కిస్తుంటే నేను రెండో చెప్పు ఎక్కడని చూశాను. నిజంగా వెతికాను, వంగి, నేల మీద. ఆయన లోపలి నుంచి బయటపడ్డాక కాసేపటికే రేకులు కూలాయి. ఆ చప్పుడుకు అందరూ అరిచారు. నేను చెప్పు వెతుకుతున్నాను.

జీపు దవాఖానకు పోయింది. నేనూ ఎక్కాల్సింది, చోటు లేదన్నారు. గేటు దాకా నడిచాను. అక్కడ మా అక్క నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా, చెంగుతో ముఖం తుడుచుకుంటోంది. జీపులో ఎవరున్నారో అక్కకు తెలియదు. పొగ చూసి వచ్చిన జనంలో ఒకతె అనుకుని ఎవరూ చెప్పలేదు.

"తమ్మీ, ఏమైతాంది లోపల? గింత పొగేంది?" అంది. "మీ బావను రానిచ్చిండ్రా పొద్దున? బిళ్ళ ఇంట్లనే మరిచిపోయిండు. పోరడు మంచం కింద పడేసిండు. దేవులాడి దేవులాడి ఇగ దొరికింది."

చెయ్యి చాచింది. అరచేతిలో ఇత్తడి బిళ్ళ. నాలుగు వందల పన్నెండు.

నేను దాన్ని తీసుకుని చూశాను. వేడిగా ఉంది, అక్క చేతి చెమటతో. అప్పుడు అక్కకు సంగతి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. చెప్పాక అక్క డబ్బా కింద పెట్టి, నా చొక్కా పట్టుకుని, "ఉన్నడా? ఉన్నడా?" అని అడిగింది. ఉన్నాడు అన్నాను. ఆ పూట ఆ మాట రెండోసారి చెప్పడం.

బావ బతికాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీరు ఇంతదాకా చదివేవాళ్ళు కాదు.

ఆ తర్వాత నేను చేయాల్సినవన్నీ చేశాను. గేటు క్లర్కును అడిగాను. బావ పొద్దున బిళ్ళ లేకుండా వచ్చాడు, వాచ్‌మన్ తెలిసినవాడని పోనిచ్చాడు, క్లర్కు బిళ్ళ వచ్చాక ఎక్కిద్దామని ఊరుకున్నాడు. అంటే మిల్లు లెక్కలో ఆ రోజు బావ రానే రాలేదు. తల్లిలో 'బయట' అని ఉండటానికి కారణం అదే. కరెంటు వచ్చాక ఏమైనా కొట్టావా అని అడిగాను. కొట్టబోతే కుయ్యిమని అరిచిందట, మీటలేవీ పనిచేయలేదట. నిజమే. రెండూ కాపీలైతే ఎవరు ఏది కొట్టినా తీసుకోవు. పిల్లల మీద ఒట్టేసి చెప్పాడు. ఒట్టు అవసరం లేదు, నాకు తెలుసు.

మర్నాడు చూస్తే తల్లిలో కూడా ఆ నంబరు పక్కన 'లోపల' అని ఉంది. ఆలస్యంగా అందుకుంది. నేను సారుకు చెప్పినట్టే. నా మాట నిజమైనందుకు నాకు సంతోషం కలగలేదు.

హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చాడు. ఆయన ప్రతిదానికీ వోల్టేజి అంటాడు. రెండూ కాపీ అనడం వోల్టేజి. తప్పుడు ఎంట్రీ వోల్టేజి. నా పెళ్ళి కుదరకపోవడం గురించి అడిగినా అదే అనేవాడు.

"తప్పుడు ఎంట్రీ కాదు సార్. మనిషి నిజంగనే ఉన్నడు" అన్నాను.

ఆయన ఆగి, బిడ్డ లేచినప్పుడు దానంతటది అచ్చేసుకున్న కాగితం చూశాడు. మెయిన్ కోసం చూశాను, దొరికింది, దాని నుంచి తీసుకుంటున్నాను అని అందులో ఉంది. ఆ సమయానికి తల్లి ఆగి ఉంది. చాలాసేపు చదివాడు. స్తంభాల వెంట తీగ కింద నడిచి వెళ్ళి, నడిచి వచ్చాడు.

"మీ మిల్లులో మూడో మిషను ఉందా?" అని అడిగాడు.

"మూడోది అమ్మేలోపు మా ఓనరుకు అల్లుడి మీద కోపమొచ్చింది సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. రెండు మిషన్లనూ ఆపి, తల్లిని ముందు లేపి, బిడ్డను తర్వాత లేపి, మెయిన్, కాపీ అని అనిపించి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. తర్వాత ఆ కాగితం గురించి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

యాకూబ్ భాయ్‌ను కూడా అడిగాను, నువ్వేమనుకుంటున్నావని. ఆయన టెస్టరు జేబులో పెట్టుకుంటూ, "బల్బు ఎలిగిందా లేదా? ఎలిగింది. తీగ ఎక్కడికెళ్ళి వచ్చిందని ఇప్పుడు గోడ పలగ్గొడతవా?" అన్నాడు. నాకు గోడ పలగ్గొట్టాలనే ఉంది. ఏ గోడో తెలియదు.

కల్పించానని కొందరు అనుకుంటారు. ఇంకొందరు తల్లుల మహిమ అంటారు. స్పిన్నింగ్ ఆడవాళ్ళు ఇప్పటికే అన్నారు, చీమలు మళ్ళీ వచ్చాయి. నేను రెండు వైపులా లేను. క్లర్కు మరిచిపోయి ఉంటాడు, తీగలో ఏదో పాత నంబరు నిలిచి ఉంటుంది, ఇంకేదో అయి ఉంటుంది అని రోజూ ఒకటి అనుకుంటాను. ఒకటి నిలబెడితే ఇంకొకటి కూలుతుంది. మేక మాత్రం ఇంకా దొరకలేదు.

పోయిన ఆదివారం అక్కవాళ్ళింటికి వెళ్ళాను. బావ ఇంకా పనిలోకి పోవడం లేదు. పొగకు గొంతు పోయింది, గుసగుసగా తప్ప రాదు. పెళ్ళిళ్ళలో డప్పు కన్నా పైకి వినబడేవాడు. నులక మంచం మీద కూర్చుని, పిల్లవాడు బిళ్ళ తిప్పుతుంటే చూస్తున్నాడు. నన్ను దగ్గరికి రమ్మని చేత్తో పిలిచాడు. వినబడాలంటే వంగాలి. వంగాను.

"బామ్మర్దీ. నేను లోపలున్న అని నాకే సోయి లేదు. మేస్త్రికి తెల్వదు. మీ అక్కకు తెల్వదు. నీకెవలు చెప్పిండ్రురా?"

"మిషను చెప్పింది బావా."

కాసేపు దగ్గాడు. అక్క నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, మళ్ళీ నన్ను వంగమన్నాడు.

"దానికెవలు చెప్పిండ్రు?"

ప్రతిదానికీ నా దగ్గర ఒక మాట ఉంటుందని బావకు తెలుసు. దానికోసమే నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. బిళ్ళ తిరిగి తిరిగి మంచం కింద పడింది. నేను వంగి దాన్ని తీస్తూ, అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే మంచం కింద ఉన్నాను.